కిర్రుమన్న చైను

పిల్లలూ! నా ఎడమచేతి చూపుడువేలు అందరి వేళ్లలాగా వుండదు. కొస కాస్త మొండిగా వుంటుంది. గోరు సగమే వుంటుంది. చలికాలంలో ఆ వేలికి మిగతా వేళ్లకంటె ముందు చలి తెలుస్తుంది. దాని కథ మీకు చెప్పాలని చాలాకాలంగా అనుకుంటున్నాను గాని, సందర్భం రాలేదు. మొన్న మా మేనల్లుడి బండి చైను కిర్రుమనడంతో వచ్చింది.

మాది ఏటూరునాగారం. ఒక పక్క గోదావరి, ఒక పక్క అడవి. నా చిన్నప్పుడు మా వూరు వరంగల్లు జిల్లాలో వుండేది. 2016లో భూపాలపల్లి జిల్లాలోకి పోయింది. 2019 నుంచి ములుగు జిల్లాలో వున్నది. జిల్లా ఏదయినా దారులు మాత్రం అవే. ఎండాకాలం దుమ్ము, వానాకాలం బురద. నది వేపు పోతే ఇసక, అడవి వేపు పోతే ముళ్లు. నడిచేవాళ్లకు ఇవి పెద్ద ఇబ్బంది కాదు. చక్రానికీ, చైనుకూ మాత్రం నాలుగూ శత్రువులే.

మా అక్క కొడుక్కు తొమ్మిదేళ్లు. కిందటి యేడు వాడి చిన్నాన్న హైదరాబాదు నుంచి వాడికొక చిన్న బండి పంపించాడు. చూడడానికి మోటారు సైకిలు పిల్లలాగా వుంటుంది. పెట్రోలు అక్కర్లేదు. సీటు కింద బాటరీ వుంటుంది. దాని పక్కన ముంజేతంత మోటారు. మోటారు కొసన చిన్న పళ్లచక్రం, వెనక చక్రానికి పెద్ద పళ్లచక్రం, రెంటికీ కలిపి సన్నని చైను. కుడిచేతి పిడి తిప్పితే బండి పోతుంది. ఇది రోడ్డు మీద నడిపే బండి కాదు. మా వూరి మీదుగా పోయే 163వ నంబరు జాతీయ రహదారి మీద లారీలు ఎట్లా పోతాయో చూసినవాళ్లెవరూ పిల్లవాణ్ణి దానిమీద ఆ దరిదాపులకు పోనివ్వరు. వాడు నడిపేదంతా మా అక్కావాళ్ల పెరట్లోనే. వేపచెట్టు చుట్టూ తిరగడం, చుట్లు లెక్కపెట్టుకోవడం, అంతే.

ఒకరోజు వాడు ముఖం వేలాడేసుకుని వచ్చాడు.

"మామా, బాటరీ ఖరాబయింది. మొదట్ల నిండా చార్జి పెడితే 20 చుట్లు తిరిగేది. ఇప్పుడు 12 చుట్లకే ఆగిపోతున్నది. చిన్నాన్నకు ఫోన్ చేసి కొత్త బాటరీ పంపమని చెప్పవా?"

"బాటరీయే పాడయిందని నీకెట్లా తెలుసురా?" అన్నాను.

"మరి ఇంకేం పాడయితది?"

ఆదివారం వచ్చి చూస్తానన్నాను. తీరా ఆదివారం నేను వెళ్లేసరికి, పెరట్లో నుంచి కిర్రు కిర్రుమని చప్పుడు వినపడింది. వెళ్లి చూస్తే నా గుండె ఆగినంత పనయింది. వాడు బండి కింద ఇటుకలు పేర్చి వెనకచక్రం నేలకు ఆనకుండా లేపి పెట్టాడు. పక్కన వాళ్లమ్మ కొబ్బరినూనె సీసా. ఎడమచేతి వేళ్లకు చిరుగు తువ్వాలు చుట్టుకుని, ఆ చేత్తో చైను పట్టుకుని తుడుస్తున్నాడు. కుడిచెయ్యి పిడి మీద వున్నది. పిడి కొంచెం కొంచెంగా తిప్పుతుంటే చైను నడుస్తున్నది, వాడు తుడుస్తున్నాడు!

"చెయ్యి తియ్యి!" అని నేను పెట్టిన కేకకు మా అక్క వంటింట్లో నుంచి పరుగెత్తుకొచ్చింది. వాడు ఉలిక్కిపడి రెండు చేతులూ పైకెత్తాడు. నేను ముందు మీట కట్టేసి, తాళంచెవి తీసి నా జేబులో వేసుకున్నాను. తరవాత వాడి పక్కన కూచుని నా ఎడమచేతి వేలు చూపించాను.

"ఇది ఎట్లా అయిందో తెలుసా?"

"నువ్వు పుట్టినప్పుడే అట్లున్నదనుకున్న మామా" అన్నాడు వాడు.

వాడికి చెప్పిన కథే మీకూ చెబుతాను.

అది 1984. నాకూ అప్పుడు తొమ్మిదేళ్లే. మా తాత గోదావరి అవతల ఒక పల్లెలో బడిపంతులు. ముల్లకట్ట దగ్గర ఇప్పుడున్న వంతెన అప్పుడు లేదు. తాత పొద్దున్నే సైకిలు మీద రేవుకు పోయి, సైకిలును పడవలోకి ఎత్తించి, అవతలి ఒడ్డున దిగి మళ్లీ తొక్కుకుంటూ వెళ్లేవాడు. నల్లని పెద్ద సైకిలు. చైనుకు కవరు వుండేది కాదు. ఇసకలో రోజూ పోయిరావడం వల్ల ఆదివారం వస్తే దాన్ని తుడిచి నూనె వెయ్యడం ఆయనకు పూజలాంటిది. ఒక ఆదివారం తాతకు జ్వరం వచ్చి పడుకున్నాడు. తాత లేచేసరికి సైకిలు తళతళలాడుతూ వుంటే ఎంత సంతోషిస్తాడోనని నాకు ఆశ పుట్టింది.

సైకిలు స్టాండు వేసి వున్నది. నేను కుడిచేత్తో పెడలు తిప్పుతూ, ఎడమచేతిలో గుడ్డపీలిక పెట్టుకుని వెనక పళ్లచక్రం దగ్గర చైను తుడుస్తున్నాను. పీలికకు ఒక పోగు వేలాడుతున్నది. ఆ పోగు పంటికీ చైనుకూ మధ్య చిక్కింది. పోగు వెంట గుడ్డ, గుడ్డ వెంట వేలు. చెరుకురసం తీసే మిషను మీరు చూసే వుంటారు. చెరుకుగడ కొస అందిస్తే చాలు, తరవాత ఎవరూ తొయ్యనక్కర్లేదు, అదే లాక్కుంటుంది. చైను పళ్లచక్రం మీదికి ఎక్కేచోటు సరిగ్గా అటువంటిది. అయితే ఆ మిషను తిప్పేది నేనే! ఎక్కడో నొప్పి పుట్టిందని బుర్రకు తెలిసి, కుడిచెయ్యి ఆగేలోపల అరచుట్టు తిరిగిపోయింది.

నా అరుపు విని అమ్మమ్మ వచ్చింది. ఆవిడ చదువుకున్నది కాదు గాని తెలివిగలది. వేలిని లాగలేదు. పెడలును వెనక్కు తిప్పింది. చైను వెనక్కు నడిచి వేలు బయటికొచ్చింది. గట్టిగా శుభ్రమైన గుడ్డ చుట్టి, చెయ్యి పైకెత్తి పట్టుకోమన్నది. వూళ్లో కట్టు కట్టించి బస్సులో వరంగల్లు తీసుకుపోయారు. ఎంత దూరమో ఆ రోజే నాకు తెలిసింది. వేలు నిలిచింది గాని కొస పోయింది.

తాత నన్ను ఒక్కమాట కూడా అనలేదు. వారంరోజులు సైకిలు ముట్టుకోలేదు. ఆ తరవాత దానికి చైను కవరు వేయించాడు. నా కట్టు విప్పిన నాడు నన్ను సైకిలు దగ్గర కూచోబెట్టి, "రా, నేర్పుతాను" అన్నాడు. ఆయన నేర్పినదాంట్లో మొదటిది ఇది: కదిలేదాన్ని ముట్టుకోకూడదు, ముట్టుకున్నదాన్ని కదపకూడదు. జానెడు చైను తుడవాలి. చెయ్యి తీసెయ్యాలి. అప్పుడు పెడలు తిప్పి ఇంకో జానెడు ముందుకు తేవాలి. ఆపి, మళ్లీ తుడవాలి. ఆలస్యమవుతుంది. అవనివ్వండి.

బాటరీ బండికి ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. ఎందుకంటే, సైకిలును తిప్పేది మన చెయ్యే గనక నొప్పి తెలియగానే ఎప్పుడో ఒకప్పుడు ఆగుతుంది. మోటారుకు నొప్పి తెలియదు, మన కేక వినపడదు. పైగా దానికి బలం ఎక్కువ. మేమిద్దరం పళ్లు లెక్కపెట్టాం. మోటారు దగ్గర 11, వెనకచక్రానికి 66. అంటే మోటారు 6 చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది. వేగం ఆరోవంతుకు తగ్గుతుంది, దానికి బదులుగా తిప్పే బలం సుమారు ఆరింతలవుతుంది. అందుకే అరచేతంత మోటారు పిల్లవాణ్ణి మోసుకుని పోగలుగుతున్నది. తాత సైకిలుకు లెక్క తలకిందులు. ముందు 48 పళ్లు, వెనక 18. పెడలు ఒక్కసారి తిప్పితే చక్రం రెండు చుట్లు దాటి ఇంకా మూడింట రెండువంతులు తిరుగుతుంది. 28 అంగుళాల చక్రం గనక పెడలు చుట్టుకు దగ్గర దగ్గర 6 మీటర్ల దూరం పోతుంది. అక్కడ బలం పోగొట్టుకుని వేగం సంపాదిస్తున్నాం. మీ ఇంట్లో సైకిలు వుంటే పళ్లు లెక్కపెట్టి చూడండి. ఆపి వున్నప్పుడే!

అంచేత బాటరీ బండి చైను ముట్టుకునేముందు మీట కట్టెయ్యాలి, తాళంచెవి తియ్యాలి, చార్జరు తగిలించి వుంటే వూడదియ్యాలి. తాళంచెవి బండికి వుంచకూడదు, పెద్దవాళ్ల జేబులో వుండాలి. చక్రాన్ని చేత్తోనే తిప్పాలి, పిడితో కాదు. అమ్మలూ, నాన్నలూ! ఈ మాట మీకు కూడా. పిల్లవాడు తన బండిని తానే బాగుచేసుకుంటానంటే వద్దనకండి. పక్కన కూచోండి.

సరే, కథ అయింది. మావాడి కళ్లలో నీళ్లు ఆరాయి. "ఇప్పుడు చైను చూద్దామా?" అన్నాను.

చైను అంటే ఏమిటో ముందు తెలుసుకోవాలి. అది చిన్న చిన్న కీళ్ల వరస. ప్రతి కీలులోనూ ఒక సన్నని ఉక్కు పుల్ల వుంటుంది, దాని చుట్టూ ఒక గొట్టం. సైకిలు చైనులో ఆ గొట్టం మీద ఇంకొక రోలరు కూడా తిరుగుతుంది. ఈ రకం చైనును 1880లో హాన్స్ రెనాల్డ్ అనే ఆయన ఇంగ్లండులోని మాంచెస్టరులో తయారుచేశాడు. ఆయన పుట్టింది స్విట్జర్లండులో. ఇప్పటికీ ప్రపంచంలోని సైకిళ్లు చాలావరకు ఆ రకం చైనుతోనే నడుస్తున్నాయి.

ఎడ్లబండి చూసినవాళ్లకు దీని సంగతి తేలిగ్గా తెలుస్తుంది. బండికి ఒక ఇరుసు వుంటుంది. దానికి కందెన పెట్టకపోతే బండి వూరంతా వినపడేట్టు అరుస్తుంది. పూర్వం మసీ ఆముదమూ కలిపి కందెన చేసేవాళ్లు. చైనులో ప్రతి కీలూ ఒక చిన్న ఇరుసే. మూరెడు చైనులో ఎన్ని ఇరుసులున్నాయో లెక్కపెట్టండి. అన్నిటికీ కందెన కావాలి. లోపల ఎండిపోతే ఉక్కును ఉక్కు రాసుకుంటుంది. కిర్రుమనేది అదే. ఆ రాపిడికి ఖర్చయ్యే బలం బాటరీలో నుంచే పోతుంది.

"అందుకే కద మామా కొబ్బరినూనె పోస్తున్నా!" అన్నాడు మావాడు.

ఇళ్లల్లో అందరూ చేసేది అదే. కొబ్బరినూనె మంచిదే, తలకు. చైనుకు పనికిరాదు. మా వూళ్లో చలికాలం పొద్దున సీసాలో కొబ్బరినూనె తెల్లగా గడ్డకడుతుంది, చైనులోనూ అంతే. పైగా కొన్నాళ్లకు జిగురుగా తయారయి దుమ్మును పట్టుకుంటుంది. కుట్టుమిషనుకు వేసే పలచని నూనె వున్నది చూడండి, ఏమీ దొరకనప్పుడు అది మేలు. సైకిలుషాపులో చైనుకోసమే అమ్మే నూనె ఇంకా మేలు.

ఇంకొక పొరపాటు ఏమిటంటే, నూనె ఎంత ఎక్కువ పోస్తే అంత మంచిదనుకోవడం. నూనె కావలసింది కీలు లోపల, పైన కాదు. పైన తడితడిగా వున్న చైనుమీద మా గోదావరి ఇసక పడిందనుకోండి. నూనె, ఇసక కలిసి నూరుడుముద్ద అవుతుంది. కత్తికి సాన పట్టినట్టు అది రోజూ చైనును అరగదీస్తుంది. ఎండిన చైనుకంటె ఇదే ప్రమాదం. మావాడి చైను మీద వేలితో రాస్తే నల్లటి ముద్ద, అందులో గరగరలాడే ఇసక.

మేమిద్దరం పాత పళ్లబ్రష్షుతో ఆ ముద్దంతా దులిపాం. తాత కాలంలో కిరసనాయిలుతో కడిగేవారు. మా వేపు దాన్ని గాసునూనె అంటాం. ఈ బండికి అది వద్దన్నాను, బాటరీ, తీగెలు పక్కనే వున్నాయి గనక. నీళ్లు కూడా పొయ్యకూడదు. పొడిగుడ్డ చాలు. గుడ్డకు వేలాడే పోగులు వుండకూడదు, అవి ముందే కత్తిరించాలి. ఎందుకో మీకు తెలుసు. జానెడు జానెడుగా ఆపి ఆపి తుడిచాం. తరవాత ఒక కీలుకు సుద్దముక్కతో గుర్తు పెట్టి, అక్కణ్ణుంచి ఒక్కొక్క కీలుకు ఒక్కొక్క చుక్క నూనె వేసుకుంటూ వచ్చాం. గుర్తు మళ్లీ కనపడగానే ఆపాం. నూనె లోపలికి దిగడానికి పదినిమిషాలు వదిలేసి, పైనున్నదంతా మళ్లీ పొడిగుడ్డతో తుడిచేశాం. "వేసిందంతా తుడిచేస్తున్నవేంది మామా?" అని వాడికి బాధ. నూనె దాచుకోవలసినచోట దాక్కున్నదని చెప్పాను.

చైను బిగువు కూడా చూశాం. పుల్లతో చైను మధ్యలో నొక్కితే కిందికీ పైకీ కలిపి సుమారు అరంగుళం ఆడాలి. మరీ వదులైతే పళ్లమీద నుంచి ఎగిరిపడుతుంది. మరీ బిగువైతే మోటారు దగ్గర ఇరుసు అరుగుతుంది. మావాడిది అంగుళం దాటి ఆడుతున్నది. వెనక ఇరుసు నట్లు పానాతో వదులుచేసి చక్రాన్ని కాస్త వెనక్కు లాగి బిగించాను. ఇది పెద్దవాళ్ల పని. రెండుపక్కలా సమంగా లాగకపోతే చక్రం వంకరగా కూచుంటుంది.

తరవాత చక్రాల సంగతి. ముందు టైరును బొటనవేలితో నొక్కమన్నాను. అరటిపండులాగా లోపలికి పోయింది. వెనకది ఇంకా మెత్తగా వున్నది.

"గాలి ఎప్పుడు కొట్టావురా?"

"పంచరు కాలేదు కద మామా!"

ఇక్కడే చాలామంది పొరపడతారు. చిల్లి పడకపోయినా ట్యూబులో గాలి రోజూ కొంచెం కొంచెం తగ్గుతూనే వుంటుంది. రబ్బరు మనకు గోడలాగా కనపడుతుంది గాని, గాలికి అది అల్లిక చాలా దగ్గరగా వున్న జల్లెడ. బ్యూటైల్ అనే కృత్రిమ రబ్బరుతో చేసిన ట్యూబులు చెట్టు రబ్బరు వాటికంటె గాలిని ఎక్కువకాలం పట్టివుంచుతాయి. అయినా పూర్తిగా కాదు. అంచేత బండి తిరిగినా తిరగకపోయినా వారానికొకసారి చూసుకోవాలి.

గాలి తక్కువైతే టైరు నేలమీద పరుచుకుంటుంది. చక్రం తిరిగినకొద్దీ రబ్బరు నలుగుతూ, మళ్లీ లేస్తూ వుంటుంది. ఆ నలుగుడుకు బలం ఖర్చవుతుంది. ఇంకొక నష్టం కూడా వున్నది. రాయి మీదికి ఎక్కినప్పుడు మెత్తని టైరు పూర్తిగా అణిగి, రిమ్ము అంచుకూ రాయికీ మధ్య ట్యూబు నలుగుతుంది. అప్పుడు పాముకాటులాగా రెండు చిల్లులు పక్కపక్కనే పడతాయి. ముల్లు కనపడలేదు, చిల్లులు రెండు వున్నాయంటే తప్పు ముల్లుది కాదు, గాలి కొట్టని మనదే.

ఎంత గాలి కొట్టాలో టైరు పక్కనే అచ్చువేసి వుంటుంది. మావాడి టైరు మీద 35 పి.ఎస్.ఐ. అని వున్నది. చదరపు అంగుళం మీద 35 పౌన్ల బరువన్నమాట, అంటే సుమారు 16 కిలోలు. పెద్ద పోస్టుబిళ్లంత చోటుమీద 16 కిలోల బియ్యంమూట పెట్టినట్టు! ఆ చిన్న ట్యూబు లోపల అన్ని వేపులా అంత ఒత్తిడి వున్నది. ఇంత చిన్న టైరును పెట్రోలుబంకులో లారీలకు గాలి పట్టేచోటుకు తీసుకుపోకండి. అందులో పట్టేది పిడికెడు గాలి. కన్నుమూసి తెరిచేలోపల నిండి పేలుతుంది. చేతిపంపే దీనికి తగినది. ఒక్కొక్క పోటుకూ టైరు గట్టిపడడం చేతికి తెలుస్తుంది. మావాడు చొక్కా తడిసేట్టు కొట్టాడు.

గాలి కొడుతూ వాడు, "మామా, మొదలు గాలి టైరు ఎవరు చేసిన్రు?" అని అడిగాడు. ఆ జవాబు వాడికి బాగా నచ్చింది, ఎందుకంటే అది కూడా ఒక పిల్లవాడి బండికోసమే జరిగింది.

ఐర్లండులో బెల్‌ఫాస్టు అనే పట్నంలో జాన్ బాయిడ్ డన్‌లప్ అని ఒక పశువుల డాక్టరు వుండేవాడు. ఆయన కొడుకు మూడుచక్రాల సైకిలు తొక్కేవాడు. ఆ రోజుల్లో టైర్లంటే గట్టి రబ్బరు పట్టీలు. రాళ్లు పరిచిన వీధుల్లో పిల్లవాడికి వళ్లంతా హూనమయ్యేది. 1887లో డన్‌లప్ సన్నని రబ్బరు గొట్టం తయారుచేసి, ఒక కొయ్య చక్రం చుట్టూ చుట్టి, గాలి నింపాడు. ఆ చక్రాన్నీ, పాత సైకిలు చక్రాన్నీ తన పెరట్లో చేత్తో దొర్లించి చూశాడు. పాత చక్రం ముందే ఆగిపోయింది. గాలి చక్రం పెరడంతా దాటిపోయి గేటు స్తంభానికి తగిలి వెనక్కు వచ్చింది! మరుసటి యేడు, 1888లో ఆయనకు పేటెంటు ఇచ్చారు. రెండేళ్ల తరవాత తెలిసింది, ఇదే ఆలోచన రాబర్ట్ విలియం టామ్సన్ అనే స్కాట్లండు ఆయన 1845లోనే పేటెంటు చేయించుకున్నాడని. అప్పటికి సైకిళ్లు ఇంకా పుట్టలేదు గనక దాన్ని అందరూ మరిచిపోయారు. కాలానికి ముందు పుట్టిన ఆలోచనలకు ఒక్కొక్కసారి అట్లా జరుగుతుంది. డన్‌లప్ పేటెంటు చెల్లకుండా పోయింది గాని పేరు మాత్రం నిలిచింది.

పంచరు సంగతి కూడా చెప్పేస్తాను. మా అడవిదారుల్లో రేగుముళ్లు, తుమ్మముళ్లు, పల్లేరుకాయలు లేనిచోటు లేదు. మా వూరి సైకిలుషాపు తాత దగ్గర నా చిన్నతనమంతా కూచుని చూశాను. ట్యూబుకు కాస్త గాలి కొట్టి, నీళ్లతొట్టిలో కొంచెం కొంచెంగా ముంచుతూ తిప్పేవాడు. బుడగలు వచ్చినచోట పుల్లతో గుర్తు. అక్కడ తుడిచి ఆరబెట్టి ఉప్పుకాగితంతో గరుకుచేసి, సొల్యూషను రాసి, వెంటనే అతికించేవాడు కాదు. బీడీ ముట్టించుకుని కూచునేవాడు. సొల్యూషను ఆరి, వేలికి అంటుకోని స్థితికి వచ్చాకనే ముక్క పెట్టి నొక్కేవాడు. తొందరపడి తడిమీద అతికిస్తే మర్నాడే వూడుతుంది. తరవాత ఒక దూదిముద్ద తీసుకుని టైరు లోపల చుట్టూ రాసేవాడు. దూది ఎక్కడ చిక్కుకుంటే అక్కడ విరిగిన ముల్లు వున్నదన్నమాట. అది తియ్యకుండా ట్యూబు ఎక్కిస్తే గంటలో మళ్లీ పంచరు. వేలితో వెతికితే ముల్లు వేలికే దొరుకుతుందని ఆయన నవ్వేవాడు. నాకు ఆ సలహా అక్కర్లేకపోయింది.

ఇక మావాడి చుట్ల లెక్క. నిజంగా బాటరీ తప్పా, చైను తప్పా, టైరు తప్పా అని తేల్చాలంటే అన్నీ ఒక్కసారే బాగుచేస్తే తెలియదు. అందుకని గాలి కొట్టడం ఆ ఆదివారం పొద్దున్నే కానిచ్చి, చైను పని సాయంత్రం చేద్దామనుకున్నాను. కాని కిర్రుమంటున్న చైనును వాడు భరించలేక ముందే దాని సంగతి చూడమన్నాడు గనక అది ముందయింది, గాలి తరవాతయింది. మధ్యలో ఒకసారి నిండా చార్జి పెట్టి తిప్పి చూశాం. చైను మాత్రమే బాగుచేసినప్పుడు 14 చుట్లు. ఆ రాత్రి మళ్లీ చార్జి పెట్టి, మర్నాడు బడి నుంచి వచ్చాక గాలి నిండిన టైర్లతో తిప్పితే 18. మొదటి 20 రాలేదు. ఆ రెండూ బాటరీవే. ఏడాది వాడిన బాటరీకి కాస్త వయసు వస్తుంది, దానికి గాలి కొట్టలేం. పెరడు, చెట్టు, వాడి బరువు మారలేదు గనక ఈ లెక్కను కొంతవరకు నమ్మవచ్చు. మీరు చేసేటప్పుడు ఒక్కొక్కటి రెండేసిసార్లు చేసి చూస్తే ఇంకా నమ్మకంగా వుంటుంది. కొత్త బాటరీకి ఫోను చెయ్యలేదు.

చివరకు ఒక కొలత మిగిలింది. చైను అరిగిందో లేదో బళ్లో వాడే స్కేలుతో చెప్పవచ్చు. సైకిలు చైనుకు ఒక పుల్ల మధ్య నుంచి పక్క పుల్ల మధ్యకు సరిగ్గా అరంగుళం. మావాడి బండిది సన్న చైను, పావంగుళం. ఏదయినా సరే, 12 అంగుళాల స్కేలు సున్నాను ఒక పుల్ల నడిమికి పెట్టి, చైనును బిగువుగా వుంచితే, 12 దగ్గర ఇంకొక పుల్ల నడిమి సరిగ్గా రావాలి. అది అంగుళంలో పదహారోవంతు అవతలికి పోయిందంటే కొత్త చైను కొనవలసిన రోజులు వచ్చాయి. ఎనిమిదోవంతు పోయిందంటే చైనుతోపాటు పళ్లు కూడా అరిగివుంటాయి. చైను సాగిందంటారు గాని, ఉక్కురేకులు సాగవు. లోపలి పుల్లలూ గొట్టాలూ వెంట్రుకవాసి అరుగుతాయి. అన్ని కీళ్ల అరుగుదలా కలిసి అంత పొడవవుతుంది.

మావాడి చైను 12 మీద సరిగ్గా వచ్చింది. వాడు అంతటితో వూరుకోక, కొట్టంలో గోడకు ఆనించి వున్న తాత సైకిలు కూడా కొలుద్దామన్నాడు. తాత పోయి చాలా ఏళ్లయింది. సైకిలు మాత్రం వున్నది. చైను కవరు విప్పి కొలిచాం. 12 దాటి ఎనిమిదోవంతు కంటె కూడా ఎక్కువ పోయింది. అన్నేళ్లు ఇసకలో గోదావరి దాకా పోయివచ్చిన చైను మరి! నూనె అంతా ఎండి కీళ్లు బిగుసుకుపోయాయి. వచ్చే ఆదివారం దానికి కొత్త చైను, కొత్త పళ్లచక్రం వేయిద్దామని ఇద్దరం అనుకున్నాం. కవరు మాత్రం పాతదే వుంచుతాను.

మంగళవారం మా అక్క ఫోను చేసింది. మావాడి లెక్కల నోటుబుక్కు నిండా గీతల పక్కన నల్లటి నూనెమరకలట. స్కేలు తుడవమని వాడికి చెప్పడం నేనే మరిచిపోయాను.